చిన్న పరిశ్రమలు, ఐటీఐ కలిసి తమ ప్రాంతానికి కావలసిన పనివారిని తయారు చేసుకోగలవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హిందూపురం పరిసరాల్లో పద్నాలుగు చిన్న మెషినింగ్ యూనిట్లు ఒక సంఘంగా ఉన్నాయి. వాటికి టర్నర్లు, అంటే లేత్ మీద లోహాన్ని చెక్కేవారు, సీఎన్‌సీ సెట్టర్లు, అంటే కంప్యూటర్‌తో నడిచే యంత్రాలను పనికి సిద్ధం చేసేవారు, దొరకడం లేదు. దొరికినవారు ఏడాది తిరగకముందే పెద్ద కర్మాగారాలకో, బెంగళూరుకో వెళ్లిపోతున్నారు. రెండేళ్ల క్రితం దగ్గరలోని ఐటీఐతో ఒప్పందపత్రం మీద సంతకాలు చేశారు, ఫొటోలు దిగారు, ఆ తరువాత ఒక్క విద్యార్థి కూడా మీ షెడ్ల గడప తొక్కలేదు. మళ్లీ ప్రయత్నించడం దండగేనా, మరో దారి ఏదైనా ఉందా అని అడిగారు.

దండగ కాదు, కాని ఈసారి ఒప్పందపత్రంతో మొదలుపెట్టకండి. పద్నాలుగు యూనిట్లలో మనస్ఫూర్తిగా ముందుకు వచ్చే నాలుగైదు మాత్రమే కలిసి, ఒకే ట్రేడులో, ఒకే బ్యాచ్‌తో మొదలుపెట్టండి. మీ దగ్గర బాగా పని తెలిసిన ఒక సూపర్‌వైజరును వారానికి కనీసం ఒక పూర్తి రోజు ఆ పిల్లలకే కేటాయించండి. శిక్షణ ముగించినవారికి ఎంత జీతం ఇస్తారో ముందే కాగితం మీద రాసి ఐటీఐలో గోడకు అంటించండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగిలిన రెండూ నిలబడవని నా అనుభవం.

ఈ మాట ఏ హక్కుతో చెబుతున్నానో కూడా చెప్పాలి. రాయలసీమలోని ప్రభుత్వ ఐటీఐలలో పందొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట టర్నర్ ట్రేడులో ఏటీఓగా, అంటే సహాయ శిక్షణాధికారిగా, తరువాత శిక్షణాధికారిగా ఉన్నాను. ఆపైన ఏడేళ్లు ఒక వాహన విడిభాగాల కర్మాగారంలో శిక్షణ విభాగం చూశాను. అంటే బల్లకు ఈ వైపూ ఆ వైపూ కూర్చున్నాను. రెండు వైపులా తప్పులు చేశాను కూడా.

మీ ఒప్పందం ఎందుకు ఆగిపోయిందో ఊహించడం కష్టం కాదు. సంతకం చేసిన ప్రిన్సిపాల్ గారు ఈపాటికి బదిలీ అయి ఉంటారు. ఆయన ఉన్నా పాఠ్యప్రణాళిక ఆయన చేతిలో ఉండదు, అది కేంద్ర శిక్షణా మహానిర్దేశాలయం నుంచి వస్తుంది. అఖిల భారత ట్రేడ్ పరీక్షలో ఉత్తీర్ణత శాతం తగ్గితే సంజాయిషీ ఇవ్వవలసింది ఆయనే గనుక, ఆ పరీక్షలో లేని దానికి సమయం ఇవ్వడానికి ఆయన జంకుతారు. మీ వైపు చూస్తే, సంతకం చేసినది యజమాని. కాని పిల్లవాడిని యంత్రం దగ్గర నిలబెట్టి నేర్పవలసిన షిఫ్ట్ సూపర్‌వైజరు ఆ గదిలో లేడు, అతన్ని ఎవరూ అడగలేదు. రోజుకు ఇన్ని జాబ్‌లు, అంటే యంత్రం మీద చేసే భాగాలు, తీయాలన్న లెక్క అతని నెత్తిన ఉన్నంతకాలం కొత్త కుర్రవాడు అతనికి అడ్డమే. ఒప్పందపత్రాలు చాలావరకు నేర్పవలసిన ఆ ఇద్దరినీ, అంటే ఏటీఓనూ సూపర్‌వైజరునూ, వదిలేసి పైవారి మధ్య జరుగుతాయి.

2007లో కేంద్రం 1,396 ప్రభుత్వ ఐటీఐలను ప్రైవేటు భాగస్వామ్యంతో మెరుగుపరచే పథకం తెచ్చింది. ఒక పరిశ్రమ ప్రతినిధి అధ్యక్షతన సంస్థ నిర్వహణ కమిటీ వేయాలి, ఆ కమిటీకి 2.5 కోట్ల రూపాయల వరకు వడ్డీ లేని అప్పు వస్తుంది. ఊహ మంచిదే. నేను పనిచేసిన ఒక చోట ఆ అధ్యక్షుడి కర్మాగారం మా ఊరికి నూట నలభై కిలోమీటర్ల దూరంలో ఉండేది. ఆయన పెద్దమనిషే, పిలిస్తే వచ్చేవారు. కాని మా పిల్లల్లో ఒక్కరిని కూడా ఆయన పనిలోకి తీసుకోవలసిన అవసరం ఆయనకు లేదు. సమావేశాలు కొనుగోలు కాగితాల మీద సంతకాలకే పరిమితమయ్యాయి. అప్పటినుంచి నాకొక పట్టింపు ఏర్పడింది: భాగస్వామి పేరు ఎంత పెద్దదో చూడకూడదు, విద్యార్థి బస్సులో గంటలోపు అక్కడికి చేరగలడా, ఆ యజమానికి ఆ విద్యార్థి నిజంగా అవసరమా అని చూడాలి. ఈ లెక్కన మీ చిన్న షెడ్లు పెద్ద కంపెనీల కంటే మంచి భాగస్వాములు.

ఇక యంత్రాల సంగతి. సంఘం తరఫున ఐటీఐకి ఒక సీఎన్‌సీ లేత్ కొనిస్తే ఎలా ఉంటుందని మీరు అడిగారు. దయచేసి ఇప్పుడే కొనకండి. మాకు ఒకసారి అలాగే ఒక యంత్రం దానంగా వచ్చింది. ప్రారంభోత్సవం నాడు తిరిగింది. తరువాత కటింగ్ ఇన్‌సర్టులు (లోహాన్ని కోసే మొనలు) అరిగిపోతే కొనడానికి పద్దు లేదు, చల్లబరిచే కూలెంట్‌కు పద్దు లేదు, కంట్రోలర్‌లో బ్యాటరీ అయిపోయి అందులో దాచిన యంత్రపు అమరికలు పోతే తిరిగి ఎక్కించడానికి మనిషి రాలేదు. రెండేళ్లు గుడ్డ కప్పి ఉంచాం, పై అధికారులు వచ్చినప్పుడు మాత్రం గుడ్డ తీసేవాళ్లం. ఆ డబ్బులో పదోవంతు ఏటా ఇన్‌సర్టులకూ, ముడిసరుకుకూ, కొలత పరికరాలకూ ఇచ్చి ఉంటే మా పాత లేత్‌ల మీదే మంచి టర్నర్లు తయారయ్యేవారు.

యంత్రం కంటే సూపర్‌వైజరు సమయం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. కర్మాగారంలో చేరిన కొత్తలో ఒక బ్యాచ్ పిల్లలకు 25 మిల్లీమీటర్ల షాఫ్టును కొలవమని ఇచ్చాను. డ్రాయింగ్‌లో టాలరెన్స్, అంటే అనుమతించిన తేడా, అటూ ఇటూ 0.01 మిల్లీమీటరు. ఎక్కువమంది వెర్నియర్ తీశారు. వెర్నియర్ కనీసపు కొలత 0.02 మిల్లీమీటరు, అంటే అనుమతించిన తేడా మొత్తం ఆ పరికరపు ఒక్క గీతలోనే దాగిపోతుంది. ఇద్దరు మైక్రోమీటర్ తీశారు, కాని చక్ (జాబ్‌ను బిగించి పట్టే భాగం) నుంచి అప్పుడే విప్పిన వేడి జాబ్‌ను కొలిచారు. ఉక్కు షాఫ్టు గది వేడి కంటే ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 25 మిల్లీమీటర్ల వ్యాసం దాదాపు 0.009 మిల్లీమీటరు పెరుగుతుంది. చేతిలో సరిగ్గా ఉన్న జాబ్ చల్లారాక కొలత తగ్గి రిజెక్షన్‌లోకి, అంటే పనికిరాని వాటిలోకి, పోవచ్చు. ఈ పిల్లలకు వ్యాకోచం గురించి తెలియదా అంటే తెలుసు, బడిలో సైన్సులోనే చదివారు. ఆ పాఠానికీ ఈ జాబ్‌కూ ముడి వేసి చూపించినవారు లేరు. ఆ ముడి వేయగలిగినది రోజూ రిజెక్షన్ పెట్టె ముందు నిలబడేవాడు మాత్రమే. మీరు ఐటీఐకి ఇవ్వగలిగిన విలువైన వస్తువు అదే. డబ్బున్న పెద్ద సంస్థలు కూడా దాన్ని ఇవ్వడానికి వెనకాడతాయి.

పోతే, మీ కొరత ఏమిటో మీరే మరొకసారి సరిగా చూసుకోండి. చాలామంది యజమానులు సీఎన్‌సీ ఆపరేటర్ కావాలి అంటారు. జాబ్ బిగించి బటన్ నొక్కే ఆపరేటర్‌ను చురుకైన పదో తరగతి కుర్రవాడి నుంచి కొన్ని నెలల్లో తయారు చేయవచ్చు. కొరత ఉన్నది సెట్టర్ల విషయంలో. డ్రాయింగ్ చదివి, టూల్ ఎంచుకుని, ఆఫ్‌సెట్ వేసి (టూల్ ఎక్కడ ఉందో యంత్రానికి కొలతల్లో చెప్పి), మొదటి జాబ్ సరిగా తీసి ఆపరేటర్‌కు అప్పగించేవాడు సెట్టర్. అతను ఎదగడానికి రెండేళ్లు పడుతుంది. ఐటీఐలో టర్నర్, మెషినిస్ట్ ట్రేడులు రెండేళ్లవి, ఆపైన ఏడాది అప్రెంటిస్‌షిప్ కలిపితే ఆ సమయం దొరుకుతుంది. ఆపరేటర్ కావలసిన చోట ఐటీఐ పిల్లవాడిని తీసుకుని మూడేళ్లపాటు బటనే నొక్కిస్తే, అతను వెళ్లిపోవడంలో తప్పేముంది?

చట్టపరంగా మీకు రెండు మార్గాలు ఉన్నాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల చాలా గందరగోళం వస్తోంది.

మొదటిది 2016లో మొదలైన ద్వంద్వ శిక్షణ విధానం, మనవాళ్లు డీఎస్‌టీ అంటారు. ఇందులో ఐటీఐ విద్యార్థి కోర్సు జరుగుతుండగానే కొన్ని నెలలు కర్మాగారంలో నేర్చుకుంటాడు. రెండేళ్ల కోర్సులో ఇది ఆరు నుంచి పన్నెండు నెలలు ఉండవచ్చు. దీనికి పరిశ్రమ పరిమాణం, యంత్రాల విషయంలో అర్హతలు ఉంటాయి గనుక మీ సంఘంలోని పెద్ద యూనిట్‌తో మొదలుపెట్టడం మంచిది.

రెండవది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం. చిన్న యూనిట్లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే. ఒప్పంద కార్మికులతో కలిపి ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురు మొదలుకొని ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్న సంస్థకు అది ఐచ్ఛికం. అంటే అరవై మంది ఉన్న యూనిట్ తొమ్మిది మంది వరకు తీసుకోవచ్చు, ఇరవై మంది ఉన్న యూనిట్ ఇష్టపడితే ముగ్గురిని తీసుకోవచ్చు. 2019 సవరణలో కనీస భృతిని చదువును బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల వరకు నిర్ణయించారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద అందులో పావు వంతు, గరిష్ఠంగా 1,500 రూపాయలు, ప్రభుత్వం భరిస్తుంది. ఒప్పందాలన్నీ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేయాలి, ఇప్పుడు వర్తించే మొత్తాలను కూడా అక్కడే సరిచూసుకోండి. ఇన్‌స్పెక్టర్ల భయంతో చాలామంది యజమానులు ఇప్పటికీ ఈ చట్టం దరి చేరరు. 2014 సవరణ జైలు శిక్షను తీసివేసి జరిమానాకే పరిమితం చేసిందన్న సంగతి వారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక హెచ్చరిక. చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణలో ఉన్నవాడు. అతన్ని చవక కూలీగా చూసిన మరునాడే మీ పథకం చచ్చిపోతుంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా అతనిచేత ఓవర్‌టైమ్ చేయించడానికి వీల్లేదు. ఇది నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. ఒకసారి మేము పంపిన బ్యాచ్‌ను ఒక కర్మాగారంలో నాలుగు నెలలపాటు పెట్టెలు మోయించడానికీ, చిప్స్ (లోహపు తునకలు) ఊడ్చడానికీ వాడుకున్నారు. పిల్లలు నాకు చెప్పలేదు, ఇళ్లలో చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆ ఊరి చుట్టుపక్కల నుంచి టర్నర్ ట్రేడుకు దరఖాస్తులే తగ్గాయి. పల్లెల్లో ఈ మాట మన ప్రకటనల కంటే వేగంగా పాకుతుంది.

ఆ దెబ్బ తిన్నాక లాగ్ పుస్తకం పెట్టాను. మీరూ పెట్టండి. నలభై పేజీల మామూలు నోటుపుస్తకం చాలు. పిల్లవాడు ప్రతి వారం తాను చేసిన ఒక జాబ్ బొమ్మ చేత్తో గీయాలి, కొలతలు వేయాలి, ఎక్కడ తప్పు జరిగిందో తన మాటల్లో రెండు వాక్యాలు రాయాలి. సూపర్‌వైజరు సంతకం చేయాలి. నెలకొకసారి ఏటీఓ మీ షెడ్డుకు వచ్చి ఆ పుస్తకం చూడాలి. వరుసగా మూడు వారాలు ‘క్లీనింగ్’ అని రాసి ఉంటే పిల్లవాడిని అడగనక్కరలేదు, సంగతి అక్కడే తెలిసిపోతుంది. ఏటీఓ ఇలా రావడం వల్ల మరొక లాభం ఉంది. ఇరవై ఏళ్ల క్రితం చదివిన యంత్రాల మీదే నేటికీ పాఠం చెబుతున్న మాబోటివాళ్లకు కొత్త యంత్రం తగలడం అలాగే. నిజానికి నేను ఆఫ్‌సెట్ వేయడం సరిగా నేర్చుకున్నది నా విద్యార్థి ఒకడు పనిచేస్తున్న షెడ్డులో, అతని పక్కన నిలబడి.

ఇప్పుడు మీరు మొహమాటపడి చివర్లో అడిగిన ప్రశ్నకు వస్తాను: మేము నేర్పితే పెద్ద కంపెనీ ఎగరేసుకుపోదా?

కొందరిని తీసుకుపోతుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. ఇటు చూస్తే బెంగళూరు వంద కిలోమీటర్లే. ఇంత గిరాకీ ఉన్న చోట పనివాడిని గోడ కట్టి ఆపలేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో దాచుకునే యజమానులను చూశాను. అది తప్పు, పైగా పనిచేయదు. సర్టిఫికెట్ వదిలేసి వెళ్లిపోయినవారూ ఉన్నారు.

జర్మనీలో ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నారో చూడటం మేలు. అక్కడ 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద, విద్యార్థి ముందుగా కంపెనీతో శిక్షణ ఒప్పందం చేసుకుంటాడు. వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో గడుపుతాడు. చివరి పరీక్ష పెట్టేది పాఠశాలా కాదు, ఆ కంపెనీ కూడా కాదు, ఆ ప్రాంతపు వాణిజ్య మండలి. నేర్పే మనిషికి కూడా శిక్షకుడిగా అర్హత ఉండాలి. ఒంటరిగా అన్నీ నేర్పలేని చిన్న కంపెనీలకోసం ఉమ్మడి శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. అందరూ నేర్పుతారు గనుక ఒకరి దగ్గరి నుంచి మరొకరు మనిషిని తీసుకున్నా మొత్తం మీద ప్రాంతానికి నష్టం రాదు. మన దగ్గర నేర్పేవారు కొద్దిమంది, తీసుకుపోయేవారు ఎక్కువమంది. అందుకే మీరు ఒక్కరుగా కాక సంఘంగా చేయాలని అంటున్నాను. నలుగురు యజమానుల మధ్య ఒక మాట ఉండాలి: శిక్షణ జరిగే ఏడాదిలో ఒకరి అప్రెంటిస్‌ను మరొకరు పిలవకూడదు. శిక్షణ తరువాత ఎక్కడికి వెళ్లాలన్నది ఆ కుర్రవాడి ఇష్టం. అతను మీ పక్క షెడ్డుకే వెళ్లినా సంఘానికి మిగిలినట్టే.

ఇక జీతం మాట దాచకుండా చెబుతాను. రెండేళ్లు చదివి, ఏడాది అప్రెంటిస్ చేసి వచ్చినవాడికీ, నిన్న చేరిన హెల్పర్‌కూ నెల జీతంలో వెయ్యి రూపాయలే తేడా ఉంటే, ఆ చదువుకు మీరే విలువ లేదని చెప్పినట్టు. మా కర్మాగారంలో జీతాల మెట్లను పట్టికగా రాసి నోటీసు బోర్డు మీద పెట్టాం. అప్రెంటిస్, ఆపరేటర్, సెట్టర్, సీనియర్ సెట్టర్ అని నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకు ఏ పని చేసి చూపాలో పక్కనే రాశాం. మొదటి ఏడాది వలస పెద్దగా తగ్గలేదు. రెండో ఏడాది నుంచి వెళ్లేవారు చెప్పి వెళ్లడం మొదలుపెట్టారు, ఇద్దరు తిరిగి వచ్చారు. నాకైతే అదే పెద్ద గెలుపు.

అమ్మాయిల గురించి మీరు అడగలేదు, కాని అడగవలసింది. కొలత, తనిఖీ, సీఎన్‌సీ సెట్టింగ్ పనుల్లో నేను చూసిన అత్యుత్తమ శిక్షణార్థుల్లో ముగ్గురు అమ్మాయిలు. పైగా పెళ్లి అయ్యేవరకైనా, చాలాసార్లు ఆ తరువాత కూడా, ఇంటి దగ్గరి ఉద్యోగాన్నే కోరుకుంటారు గనుక బెంగళూరు బాధ మీకు తక్కువ. అడ్డు వచ్చేవి రెండే, మరుగుదొడ్డి, చివరి బస్సు. షిఫ్టు ఆరు గంటలకు ముగిసి, ఊరికి చివరి బస్సు అయిదున్నరకే ఉంటే తండ్రి పంపడు. నాలుగు యూనిట్లు కలిసి ఒక వ్యాను మాట్లాడుకోండి, లేదా ఆ బ్యాచ్‌కు షిఫ్టు గంట ముందు ముగించండి.

ప్రభుత్వ పెద్ద పథకాల కోసం ఆగాలా అన్న సందేహం కూడా మీ ప్రశ్నలో కనిపించింది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తున్నారు. కేంద్రం 2025లో 60,000 కోట్ల రూపాయలతో వెయ్యి ఐటీఐల ఆధునికీకరణకు పీఎం-సేతు పథకం తెచ్చింది, అందులో 200 ఐటీఐలు కేంద్రాలుగా, 800 వాటికి అనుబంధంగా ఉంటాయి. మీ ఐటీఐకి ఆ అవకాశం వస్తే సంతోషమే, సంఘం తరఫున ఉత్తరం రాయండి. కాని కొత్త యంత్రాలు వచ్చిన రోజున వాటి మీద పిల్లలకు ఏం నేర్పాలో చెప్పగలిగిన స్థానిక యజమానులు నలుగురు అప్పటికే ఐటీఐకి అలవాటుపడి ఉంటే, ఆ యంత్రాలకు మా యంత్రానికి పట్టిన గతి పట్టదు.

ఎవరు ఈ పనికి దిగకూడదో కూడా చెప్పాలి. మీ యూనిట్‌కు వచ్చే ఆరు నెలల ఆర్డర్లే తెలియకపోతే ఈ ఏడాదికి ఆగండి. పిల్లవాడిని తీసుకుని మధ్యలో పంపేయడం అసలు తీసుకోకపోవడం కంటే చెడ్డది. యంత్రాలకు గార్డులు, కళ్లద్దాలు, ప్రథమ చికిత్స పెట్టె లేని షెడ్డుకు ఎవరి బిడ్డనూ పంపమని నేను చెప్పను. అలాగే ఉన్న ఒక్క సెట్టర్ రోజుకు పన్నెండు గంటలు పనిచేస్తుంటే, అతన్నే శిక్షకుడిగా పెట్టకండి. అతనికి నెలకు కొంత అదనంగా ఇచ్చి, పనిగంటలు తగ్గించి, అప్పుడు అడగండి.

మొదటి నెలలో చేయవలసింది కొంచెమే. నలుగురు యజమానులూ, నలుగురు సూపర్‌వైజర్లూ కలిసి ఒక శనివారం ఐటీఐకి వెళ్లి, ప్రిన్సిపాల్ గదిలో కాకుండా టర్నర్ వర్క్‌షాపులోనే కూర్చుని, ఏటీఓ గారిని మీ గత మూడు నెలల రిజెక్షన్ జాబ్‌లు చూడమనండి. ఒక పెట్టెలో వేసి తీసుకెళ్లండి. ఒక్కో జాబ్ ఎందుకు పోయిందో మాట్లాడుకుంటే, రెండో సంవత్సరం పిల్లలకు ఏం నేర్పాలో ఆ మధ్యాహ్నానికే తేలిపోతుంది. మీ నాలుగు యూనిట్లలో ఏ యంత్రాలున్నాయో, ఎంతమంది పనిచేస్తున్నారో ఇక్కడే కింద రాయండి. నేను వాడిన లాగ్ పుస్తకం పేజీ నమూనా, జీతాల మెట్ల పట్టిక మీ పనికి తగ్గట్టు మార్చి పెడతాను.